పక్షుల వీపులు కనిపించే ఇల్లు

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు. నాలో మెచ్చుకోదగినది అదొక్కటే కనుక ముందే చెప్పేస్తే ఆ పని అయిపోతుంది. నర్సింగు చదివేటప్పుడు మా టీచరమ్మ నా రిపోర్టులు తీసి తక్కిన పిల్లలకు చూపించేది. తరవాత ఒమాన్ వెళ్ళి సమాయిల్ ఆస్పత్రిలో చేరితే అక్కడా అదే మర్యాద. డాక్టరుగారి రాత డాక్టరుగారికే తెలిసేది కాదు కాబట్టి బయటికి వెళ్ళే ప్రతి కాగితమూ నా చేత రాయించేవారు. "నీ అక్షరాలు ముత్యాలమ్మా" అనేవారు. ఆ ముత్యాలతోనే ఒక పెద్దావిడ కొంప ముంచబోయాను. మాటవరసకు కాదు, నిజంగా కొంపే. అయితే అది మునిగేంత కింద లేదు. అంత ఎత్తున ఒక కొంప ఉంటుందని నాకు తెలియకపోవడమే అసలు తంటా.

అవి డెబ్భైల నడిమి రోజులు. సమాయిల్ అంటే ఖర్జూరం తోటలు, వాటి మధ్య మట్టి గోడలు, కొత్తగా పడిన తారు రోడ్డు, ఆ రోడ్డు పక్కన రెండు వార్డుల మా ఆస్పత్రి. రాజధాని పక్కన రూవిలో ఉన్న మనవాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడేవారు. అక్కడ ఇండియన్ కొట్లున్నాయి, అప్పడాలు దొరుకుతాయి, సాయంత్రం పూట తెలుగు మాట వినబడుతుంది. మాకు దొరికేవి ఖర్జూరాలు, వినబడేది నా రూములో ఉన్న గుంటూరు అక్క గురక. అక్క వార్డుకి పెద్ద సిస్టరు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, ఎనభై ఏళ్ళ ధైర్యం ఉన్నది. నాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా ఊళ్ళో ఎత్తయిన చోటు కాలువ గట్టు. దాని తరవాత చర్చి గంట కట్టిన దిమ్మ. ఆ దిమ్మ మీంచి ఒకసారి కిందికి చూసి కళ్ళు తిరిగి పడ్డాను. దిమ్మ ఎత్తు నా నడుము దాకా.

ఒక సాయంత్రం డ్యూటీలో ఉండగా బజారులో బియ్యం, కిరసనాయిలు దీపాలు అమ్మే కొట్టు యజమాని ఒక పెద్దావిడని తీసుకొచ్చాడు. ఆవిడ అతని మేనత్త. అతనికి కూతురు పుట్టిందని చూడ్డానికి కొండల్లోంచి దిగి వచ్చి, కొట్టు ముందు అతను ముచ్చటపడి కట్టించుకున్న కొత్త సిమెంటు మెట్టు మీద జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు వేశాం. రాత్రికి జ్వరం వస్తుందేమోనని ఉంచేశాం.

అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని మేం "మామా" అని పిలిచేవాళ్ళం. అమ్మా అన్నట్టు. నేను ఇంటికి ఉత్తరంలో "ఈ వారం ఒక మామకి చెయ్యి విరిగింది, నేనే అన్నం తినిపించాను" అని రాస్తే మా అమ్మ హడలిపోయి, మాతో ఒక్క మాట చెప్పకుండా నీకు మామ ఎలా వచ్చాడే అని జవాబు రాసింది.

పడ్డవాళ్ళు తలకి దెబ్బ తగిలి వచ్చినా, జ్వరంతో ఉన్నా, మేం అడగవలసిన ప్రశ్నలు మూడు. పేరేమిటి, ఈ రోజు ఏ వారం, ఇల్లెక్కడ. జవాబులు సరిగ్గా ఉంటే మతి నిలకడగా ఉన్నట్టు రాయాలి. నాకు అప్పటికి ఆస్పత్రి అరబ్బీ బాగానే వచ్చు. ఆవిడ మాటలు నాకు స్పష్టంగా అర్థమయ్యాయి. తెలుగులో చెబుతున్నాను.

పేరు చెప్పింది. వారం చెప్పింది.

"ఇల్లెక్కడ మామా?"

"కొండలో."

"కొండ మీదా?"

"మీద కాదు, లోపల. కొండ నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లో మా ఇల్లు. గోడలు మావి, కప్పు కొండది."

నేను కొంచెం జాగ్రత్తపడ్డాను. "నీళ్ళో?"

"కప్పులోంచి వస్తాయి. ఎండాకాలంలో కూడా."

"గుమ్మంలో కూర్చుంటే ఏం కనిపిస్తుంది?"

"గద్దల వీపులు."

"వీపులా?"

"వీపులే. మీ ఊళ్ళో పొట్టలు కనిపిస్తాయా, యా బింతి?" అంది ఆవిడ, నా మీద జాలిపడుతూ. యా బింతి అంటే నా బిడ్డా అని.

ఆ బిడ్డ వెంటనే టేబులు దగ్గరికి వెళ్ళి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: మతి చెదిరి ఉంది. కొండ నోట్లో ఉంటానంటోంది. కప్పులోంచి నీళ్ళు వస్తాయంటోంది. పక్షులు తన కాళ్ళ కింద ఎగురుతాయంటోంది.

పొద్దున్న డాక్టరుగారు చదివి తల ఊపి, డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యం కలపమన్నారు. కలిపాను. "ఒంటరిగా వదలకూడదు." ఆ కాగితం మేనల్లుడు రెండు చేతులా అందుకున్నాడు. నా చేతిరాత ఆవిడ తలరాత అవుతోందని నాకేం తెలుసు?

నెల తరవాత కట్టు విప్పించుకోవడానికి వచ్చారు. కట్టు కోసి తీశాక ఆవిడ చెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు ముడిచింది, విప్పింది, మణికట్టు తిప్పి చూసుకుంది, తృప్తిపడింది. అప్పుడు ఆ చేత్తోనే నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నన్ను మజ్నూన అని రాసింది ఎవరు?"

మజ్నూన అంటే పిచ్చిది. అక్క నా వంక చూసింది. నేను కత్తెర వంక చూశాను. మేనల్లుడు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన కాగితం తీశాడు. నా ముత్యాలు నన్ను చూసి మెరిశాయి.

"పిచ్చి అని రాయలేదు మామా. అయోమయం అని రాశాను. ఇల్లు కొండ నోట్లో ఉందన్నారు కదా, పక్షుల వీపులూ..."

మేనల్లుడు నోరు తెరిచేశాడు. "ఇందుకా? దీనికా రాశారు? అదంతా నిజమే సిస్టర్! నేను పుట్టింది కూడా అక్కడే!"

ఆ క్షణాన ఆస్పత్రి నేల నోరు తెరిస్తే అందులో ఒక చిన్న ఇల్లు కట్టుకుని నేను కూడా ఉండిపోయేదాన్ని.

కానీ వ్యవహారం అక్కడితో తెమల్లేదు. మేనల్లుడు మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ కొండలో ఇప్పుడు మూడు కుటుంబాలే మిగిలాయి. తక్కినవాళ్ళు కిందికి దిగిపోయారు. కొట్టు వెనక అత్తకోసం గది కట్టించి రెండేళ్ళయింది, ఆవిడ రానంటోంది. ఈ కాగితం రాగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. గవర్నమెంటు ఆస్పత్రే చెప్పింది, ఒంటరిగా ఉండకూడదని. నెలనుంచీ ఆవిణ్ణి గదిలోనే ఉంచాడు. మేకలకి బేరం కూడా పెట్టాడు.

"నేను చెడ్డవాణ్ణి కాదు సిస్టర్. ఆ దారి మీరు చూడలేదు. ఒకసారి వచ్చి చూడండి. చూశాక కూడా ఆవిడ అక్కడ ఉండొచ్చని మీరు అంటే, నేనింక నోరెత్తను."

"ఇదే రావాలి" అంది ఆవిడ, నా గడ్డం వదలకుండా. "రాసిన చెయ్యి ఏది, అదే రావాలి."

మేకలు కొనేవాడు శనివారం వస్తాడట. ఇంక మిగిలింది ఒక్క శుక్రవారం.

మా ప్రయాణానికి జీపు తెచ్చింది రోడ్డు కంపెనీలో పనిచేసే కరీంనగర్ అన్న. సైట్లో వేలు తెగి వచ్చినప్పుడు అక్క కుట్లు వేసింది. అప్పటినుంచి ఏ పండగొచ్చినా అక్కకి నమస్కారం పెట్టి పోయేవాడు. ఫోర్మన్‌ని అడిగి జీపు తెచ్చాడు. ఆ కొండ మీదికి వాళ్ళ కంపెనీయే అప్పుడు దారి గీకుతోంది.

తెల్లవారుతుండగా బయల్దేరాం. పెద్దావిడ ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. వెనక మేనల్లుడు, అక్క, నేను, మా కాళ్ళ మధ్య బియ్యం బస్తా, టిఫిన్ కారియరు నిండా అక్క చేసిన పులిహోర. తారు రోడ్డు ఉన్నంతసేపూ అక్క పాటలు పాడింది. రోడ్డు గులకరాళ్ళలోకి దిగాక పాటకి గమకాలు వాటంతటవే వచ్చాయి. కొండ ఎక్కుతూంటే మటుకు మాటలు ఆగిపోయాయి. జీపు ఒక మలుపు తిరిగినప్పుడల్లా ఇందాక మేం వచ్చిన రోడ్డు, కిందపడేసిన నాడాలా కనిపించేది. నేను కొండెక్కక ముందే నా ధైర్యం కొండెక్కింది.

"బుగులైతున్నదా చెల్లె?" అన్నాడు అన్న, వెనక్కి తిరక్కుండానే.

"లేదన్నా."

"మరి నా అంగి ఎందుకు పట్టుకున్నవ్? చినుగుతది, ఇడువు."

జీపు ఆగిన చోట రోడ్డు అయిపోయింది. మా వైపు రోడ్డు అయిపోతే పొలం వస్తుంది. ఇక్కడ రోడ్డుతోపాటు భూమే అయిపోయింది. ఎదుట లోయ. ఎవరో లోకాన్ని రెండుగా చీరి, మళ్ళీ కుట్టడం మరిచిపోయినట్టుంది. అవతలి గోడ మీద ఎండ పడి రాయి తేనెరంగులో ఉంది. ఇవతలి గోడకి, మా కాళ్ళ దగ్గర్నుంచి, ఒక దారి అంటుకుని పోతోంది. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు ఏమీ లేదు.

"ఇగ ఇక్కడిదాకనే జీపు డ్యూటీ. ఇంక ముంగట మేకల డ్యూటీ" అని అన్న టిఫిన్ కారియరు భుజానికి తగిలించుకున్నాడు.

పెద్దావిడ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడక మొదలుపెట్టింది. అది నడక అని నేను అంటున్నాను కానీ, నెలనాళ్ళుగా కొట్టు వెనక గదిలో గోడ పట్టుకుని నడిచిన మనిషేనా అనిపించింది. నెమ్మదిగా, తూలకుండా, తన ఇంట్లో వంటగది నుంచి వసారాలోకి వెళ్తున్నట్టు వెళ్ళిపోయింది. ఆమె వెనక మేనల్లుడు, అతని వెనక అక్క, అక్క కొంగు పట్టుకుని నేను, నా వెనక అన్న.

నిజం చెప్పాలంటే మొదటి పావుగంట నేను బాగానే నడిచాను, ఎందుకంటే దారి వెడల్పుగా ఉంది, నేను కొండ వైపే చూస్తున్నాను. అంచు అంటే నాకు అప్పటిదాకా చీర అంచే. ఒక మలుపు దగ్గర దారి సన్నబడింది. అక్కడ పొరపాటున కుడి వైపు చూశాను. కింద, ఎంతో కింద, వాగు అడుగున ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. పక్కనే నాలుగు ఆవగింజలు కదులుతున్నాయి. అవి గాడిదలని తరవాత తెలిసింది.

కూర్చుండిపోయాను.

"ఏమే, పోతా పోతా ఆడ కూలబడ్డావేందే?" అంది అక్క.

"అక్కా, నాకు కాళ్ళు రావట్లేదు."

"కాళ్ళు నీయే గదంటే, రాకుండా యాడికి పోతయ్?"

"నా వల్ల కాదక్కా. నేనిక్కడే కూర్చుంటాను. మీరు ఎల్లి చూసొచ్చేయండి. నువ్వు చెప్పింది నేను రాసేత్తాను."

"అట్టా చూడకుండా రాసేగదా ఇంతదూరం తెచ్చుకున్నావ్!"

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "అక్కా, జర పైలం. సిస్టరమ్మ కొండను పట్టుకున్నదో, కొండ సిస్టరమ్మను పట్టుకున్నదో సమజైతలేదు."

నేను రెండు చేతులా ఒక రాయిని కౌగిలించుకుని ఉన్నాను. కళ్ళు మూసుకుంటే లోయ ఇంకా లోతవుతోంది, తెరిస్తే ఎదురుగా ఉంటోంది. వెనక్కి వెళ్దామన్నా అదే దారి. వెనక్కి వెళ్తే రేపు మేకలవాడు వస్తాడు. నేను రాసింది రాసినట్టే ఉంటుంది. ఆ పెద్దావిడ కొట్టు వెనక కిటికీ లేని గదిలో, సిమెంటు నేల మీద, రోజులు లెక్కపెట్టుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ కాళ్ళు కదలవు.

ముందు వెళ్ళిన పెద్దావిడ తిరిగి వచ్చింది. దారి అంచున, లోయకి వీపు పెట్టి, నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. మేం నాడి చూసేటప్పుడు ఎలా పట్టుకుంటామో సరిగ్గా అలాగే నా మణికట్టు పట్టుకుంది.

"నీ పేరేమిటి?"

నోరు తెరిచాను. గాలి వచ్చింది కానీ పేరు రాలేదు.

"ఈ రోజు ఏ వారం?"

ఇది తెలుసు. "ఆదివారం" అన్నాను గట్టిగా.

అక్క తల కొట్టుకుంది. తప్పు పూర్తిగా నాది కాదు. ఒమాన్‌లో సెలవు శుక్రవారం, అందుకని మా ప్రార్థన కూడా శుక్రవారమే. ఎవరో ఒకరి రూములో మేం పదిమందిమీ చేరి, ఆదివారపు చీరలు కట్టుకుని, ఆదివారపు పాటలు పాడేవాళ్ళం. మూడేళ్ళుగా నాకు శుక్రవారమే ఆదివారం. కానీ కొండ అంచున కూర్చుని ఇంత ఎవరికి విడమరచి చెప్పగలను?

"నీ ఇల్లెక్కడ?"

చెయ్యి చాపి లోయలోకి చూపించాను. ఎందుకు చూపించానో ఈనాటికీ తెలియదు. నా మట్టుకు నాకు, ఏ ఇల్లయినా అక్కడికంటే కిందే ఉంటుంది.

పెద్దావిడ మేనల్లుడి వైపు తిరిగి చాలా శాంతంగా అంది. "రాసుకో. మతి చెదిరి ఉంది. ఒంటరిగా వదలకూడదు."

మేనల్లుడు ముందు నవ్వాడు. అక్క నవ్వింది. అన్నకి అరబ్బీ నాలుగు ముక్కలే వచ్చినా తనకు తనే అర్థం చేసుకుని, టిఫిన్ కారియరు గలగలలాడేలా నవ్వాడు. ఆ నవ్వు అవతలి కొండకి తగిలి తిరిగి వచ్చింది. ఆఖరికి నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే తెలిసింది, కాళ్ళు ఉన్నాయని.

"లోయ నీది కాదు, దాన్ని చూడకు" అంది పెద్దావిడ. "నా మడమలు చూడు. అవి ఎక్కడుంటే నువ్వక్కడ కాలు వెయ్యి."

అలాగే చేశాను. ఆ గంటలో నేను చూసిన ప్రకృతి సౌందర్యమంతా ఆవిడ రెండు మడమలే. ఎడమ దానికి మూడు పగుళ్ళు, కుడిదానికి ఐదు, అందులో ఒకటి వాగులా వంపు తిరిగి ఉంది. ఇప్పటికీ చూడకుండా బొమ్మ గీయగలను. రెండు చోట్ల మటుకు మడమలు వదిలేసి కూర్చుని డేకాను. నా చీర వెనక భాగం కథ ఇక్కడ వద్దు.

మడమలు ఆగాయి. "తల ఎత్తు" అంది.

ఎత్తాను. కొండ నిజంగానే నోరు తెరుచుకుని ఉంది. ఒక ఊరు పట్టేంత నోరు. పై పెదవి మా తలల మీదుగా ముందుకు వచ్చి నీడ పరిచింది. ఆ నీడలో రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన ఇళ్ళు, పళ్ళవరసలా. కొన్ని పళ్ళు ఊడిపోయాయి. కొన్ని గట్టిగా ఉన్నాయి. ఏ ఇంటికీ కప్పు లేదు. అన్నిటికీ ఒకే కప్పు. ఆ రాతి కప్పంతా పొగచూరి నల్లగా మెరుస్తోంది. ఎన్ని తరాల కట్టెపొయ్యిలో! మొదటి గోడ ఎవరు కట్టారని అడిగితే, మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మకీ తెలియదట అంది పెద్దావిడ. ఒక గోడకి పూసిన మట్టిలో చేతి వేళ్ళ జాడలు అలాగే ఉన్నాయి. నా వేళ్ళు పెట్టి చూశాను. సరిపోయాయి. ఎవరో నా అంత మనిషి, తడి మట్టిని అరచేత్తో నిమిరి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయినట్టుంది, ఇందాకే.

ఇళ్ళ ముందు, లోయలోకి జారుతూ, చాపల వెడల్పున మడి చెక్కలు. వెల్లుల్లి, ఉల్లి, కొంచెం గోధుమ. పక్క గోడ అవతలినుంచి పెద్దావిడ చిన్న తమ్ముడి భార్య పరుగున వచ్చి, ఆవిణ్ణి కావలించుకుని, కట్టు విప్పిన చేతిని ముద్దుపెట్టుకుని, నెలరోజుల కబుర్లు ఒక్క ఊపిరిలో చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడినుంచో పదిపన్నెండు మేకలు వచ్చి చుట్టూ చేరాయి. ఒక నల్ల మేక ఆవిడ కొంగు నోటబట్టుకుని వదల్లేదు. పేర్లు పెట్టి తిట్టింది ఒక్కొక్కదాన్నీ. ఏ పేరూ తడుముకోలేదు.

ఇంటి లోపల, వెనక భాగాన, కప్పులోని ఒక పగులునుంచి నీటిబొట్లు రాతి తొట్టిలో పడుతున్నాయి. టప్, టప్ మని. దోసిట పట్టి తాగాను. చల్లగా, కొంచెం రాయి రుచితో. "ఎండాకాలంలో కూడా?" అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు.

"ఇక గుమ్మంలోకి రా."

గుమ్మంలో కూర్చోబెట్టింది. భయం భయంగా కళ్ళు దించాను. సరిగ్గా అప్పుడే మా కింద, గాలిలో, ఒక గద్ద రెక్క ఆడించకుండా తేలుతూ పోయింది. వీపు గోధుమరంగు. మెడ దగ్గర లేత ఈకలు. రెక్కల చివర వేళ్ళలా విడి ఉన్నాయి. దాని నీడ ఇంకా కింద, వాగు రాళ్ళ మీద పరిగెత్తుతోంది. అప్పటిదాకా పక్షులు నాకు ఎప్పుడూ తమ పొట్టలే చూపించాయి. నేనే పైన ఉండి వాటిని చూడటం అదే మొదలు. భయం ఎక్కడికి పోయిందో తెలియలేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. చిన్నపిల్లలా లెక్కపెట్టాను.

"ఏమి కనిపిస్తోంది?" అంది పెద్దావిడ.

"వీపులు మామా."

"ఎక్కడున్నావు?"

"కొండ నోట్లో."

ఆవిడ కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, కాచడానికి లేచింది.

ఏలకుల వాసనతో కహ్వా, ఖర్జూరాలు, మా పులిహోర, అందరం నేల మీద కూర్చుని తిన్నాం. తమ్ముడి భార్యకి పులిహోరలో వేరుశెనగలు నచ్చాయి, ఎండుమిరప నచ్చలేదు. అన్న తను తెచ్చిన ఆవకాయ సీసా మూత తీస్తే మేనల్లుడు వీరుడిలా వేలు ముంచి, ఆ తరవాత తొట్టి దగ్గరికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వచ్చాక కళ్ళు తుడుచుకుని అసలు మాట ఎత్తాడు. "దారి చూశారు కదా సిస్టర్. ఇప్పుడు చెప్పండి."

అందరూ తినడం ఆపారు. పెద్దావిడ నల్ల మేక చెవిలో ఏదో పురుగు వెతుకుతున్నట్టు నటించింది. మేక ఎంత గింజుకున్నా ఆ చెవి వదల్లేదు.

"ఈ దారిలో మామా ఎన్నిసార్లు పడ్డారు?" అన్నాను.

మేనల్లుడు ఆలోచించాడు. "పడలేదు."

"ఒక్కసారి కూడా?"

"నేను పడ్డాను, చిన్నప్పుడు. ఆవిడే మోసుకొచ్చింది."

"మరి మణికట్టు విరిగింది ఎక్కడ?"

అతను చేతిలోని ఖర్జూరపు గింజ పక్కన పెట్టాడు. "నా కొట్టు మెట్టు మీద."

"మరింకేం" అంది అక్క, ముందు తెలుగులో, తరవాత అరబ్బీలో. "సిమెంటు మెట్లున్న చోట ఈవిణ్ణి ఒంటరిగా వదలొద్దని రాయాల్సింది మేము. తిరగేసి రాసిందిలే మా పిల్ల."

మేనల్లుడు నవ్వాడు కానీ వెంటనే ముఖం కిందికి దించుకున్నాడు. "మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. ఒక రాత్రి జ్వరం వస్తే ఎవరు చూస్తారు? భయం ఆవిడకి లేదు సిస్టర్. నాకుంది."

భయం గురించి ఆ పూట నాకంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. నేనేం వేదాంతం చెప్పలేదు. నర్సుని కాబట్టి నర్సు మాటలే చెప్పాను. రాత్రిపూట తమ్ముడి భార్య ఇక్కడే పడుకోవాలి. రెండు వారాలకొకసారి అతను బియ్యంతో వచ్చి చూసుకోవాలి. నెలకొకసారి ఆవిడ దిగి వచ్చి ఆస్పత్రిలో చెయ్యి చూపించాలి. ఇవి జరిగితే, ఉండొచ్చు.

మేనల్లుడు ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యిలోకి జారవిడిచాడు. నా ముత్యాలు ఎంత అందంగా కాలాయో! పెద్దావిడ మేక చెవి వదిలిపెట్టి, అతని తల పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టి, ఆ వెంటనే అడిగింది. "నా నల్లదాన్ని ఎంతకి బేరం పెట్టావు?" అతను చెప్పాడు. "అంత తక్కువకా?" అని అప్పుడు వేసింది నిజమైన దెబ్బ, వీపు మీద, బాగైన చేత్తోనే. మణికట్టు అతుక్కున్నట్టు నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

తిరుగు దారిలో నేను కూలబడలేదు. రెండు చోట్ల డేకాను, అంతే.

కాగితం కాలింది కానీ ఆస్పత్రిలో ఫైలు ఉంది. మా పనిలో తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, చింపకూడదు. తప్పు కనబడేలాగే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, కింద సరైనది రాయాలి. శనివారం పొద్దున్నే అలాగే చేశాను: మతి నిలకడగా ఉంది. ఇల్లు కొండ నోట్లోనే ఉంది. నీళ్ళు కప్పులోంచే వస్తాయి. పక్షుల వీపులు చూశాను. డాక్టరుగారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నా వంక చూసి, పొడి సంతకం గీకేశారు.

నెల తిరిగేసరికి మేనల్లుడి వెంట పెద్దావిడ వచ్చింది, మూటెడు వెల్లుల్లితో. చెయ్యి చూపించుకోవడం అయ్యాక ఫైలు చూస్తానంది. ఆవిడకి చదువు రాదు. పేజీ తీసి, కొట్టేసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాను.

"ఒక్క గీతేనా?" అంది, చాలా నిరుత్సాహంగా.

"రూలు అంతే మామా."

"నెలరోజులు ఆ గదిలో ఉన్నది నేను."

చుట్టూ చూశాను. అక్క కిటికీ బయట ఏదో అత్యవసరమైన కాకిని చూస్తోంది. పెన్ను ఆవిడ చేతికిచ్చాను. పిడికిటితో పట్టుకుని, నా ముత్యాల మీదుగా, కొండ దారిలా వంకరటింకరగా, కాగితం చిరిగేంత బలంగా గీత లాగింది. పక్కన సంతకం ఉండాలి కదా మరి. సిరా పూసి బొటనవేలి ముద్ర వేయించాను.

ఇప్పుడు ఆ దారిలో రాళ్ళ మీద రంగు గుర్తులు వేశారట, దేశదేశాలవాళ్ళు నడిచి వెళ్ళి ఫోటోలు తీసుకుంటున్నారట. ఈ సంగతి చెప్పిన మా మనవలు నన్ను జాలిగా చూస్తూ, మీకు కళ్ళు తిరుగుతాయేమో అమ్మమ్మా అంటారు. తిరుగుతాయి. అయినా మడమలు చూసుకుంటూ వెళ్ళొచ్చాను అంటాను.

ఆ రోజు వెల్లుల్లి మూట నా ఒళ్ళో పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి, పెద్దావిడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఈ రోజు ఏ వారం?"

"సోమవారం మామా."

ఆవిడ తల ఊపింది. "బాగు. ఇక నిన్ను ఒంటరిగా వదలొచ్చు" అని, ఆస్పత్రివీ కొత్త సిమెంటు మెట్లే కనక, మేనల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుని దిగింది.